అమెరికా యూనివర్సిటీ జానపద బృందంలో మన ఫిడేలు: చేరడం దగ్గర్నుంచి స్టేజీ దాకా

ఊళ్లో ఏళ్ల తరబడి సంగీతం నేర్చుకుని, ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చాక ఫిడేలు పెట్టెను మంచం కిందకి తోసేసిన పిల్లలు ప్రతి ఫాల్ సెమిస్టర్‌లోనూ ఎవరో ఒకరు నాకు తగులుతారు. "ఇక్కడ ఎవరితో వాయిస్తాం అక్కా, మృదంగం లేదు, తంబురా లేదు" అంటారు. వాయించడానికి మనుషులున్నారు. చాలా యూనివర్సిటీల్లో మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ కింద జానపద సంగీత బృందం ఒకటి ఉంటుంది. అందులో చేరడానికి మ్యూజిక్ మేజర్ కానక్కర్లేదు. నేను చదువుతున్నది మట్టి రసాయనశాస్త్రం. విజయనగరం సంగీత కళాశాలలో డిప్లొమా చేసి, ఇప్పుడు టెనెసీ తూర్పు కొండల్లో పీహెచ్‌డీ చేస్తూ మా యూనివర్సిటీ బృందంలో ఫిడేలు వాయిస్తున్నాను. కర్ణాటక సంగీతం నేర్చుకున్న తెలుగు విద్యార్థి ఇలాంటి బృందంలో చేరాలంటే ఏం తెలిసుండాలో అది రాస్తున్నాను.

ముందు బృందం స్వరూపం. ఎనిమిది నుంచి పన్నెండు మంది. రెండు మూడు ఫిడేళ్లు, ఒక బాంజో, గిటార్లు, మాండొలిన్, నిలబెట్టి వాయించే పెద్ద బేస్. కొన్నిచోట్ల హ్యామర్డ్ డల్సిమర్ కూడా ఉంటుంది, చిన్న సుత్తులతో తీగల మీద కొట్టే వాద్యం. కచేరీలో సగం అమెరికా కొండప్రాంతాల పాటలు, మిగతా సగం ఐర్లండ్, స్కాట్లండ్, బల్గేరియా, మాసిడోనియా, మెక్సికో లాంటి చోట్లవి. కొన్ని బృందాలు ఒకే దారి పట్టుకుంటాయి. పిట్స్‌బర్గ్‌లో డ్యుకేన్ యూనివర్సిటీలో 1937లో మొదలైన టాంబురిట్జన్స్ తూర్పు యూరప్ పాటలకీ నాట్యాలకీ పేరు పొందింది. జాన్సన్ సిటీలోని ఈస్ట్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ 1982 నుంచి బ్లూగ్రాస్ అనే తీగవాద్యాల బాణీని పాఠంగా చెబుతోంది. మీ దగ్గర ఏముందో కోర్సుల జాబితాలో ఎన్‌సెంబుల్స్ కింద చూడండి. మామూలుగా ఒక్క క్రెడిట్, వారానికి ఒకటి రెండు రిహార్సల్స్. ఆ క్రెడిట్ వల్ల ఫీజు పెరుగుతుందా, మీ ప్రోగ్రాం ఒప్పుకుంటుందా అన్నది అడ్వైజర్‌ని అడిగి తేల్చుకోండి. క్రెడిట్ లేకుండా కూర్చోనిచ్చే డైరెక్టర్లు కూడా ఉన్నారు.

డైరెక్టర్‌కి మెయిల్ సెమిస్టర్ మొదలవక ముందే పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: ఏం వాయిస్తారు, ఎన్నేళ్లు నేర్చుకున్నారు, పాశ్చాత్య నొటేషన్ చదవడం వచ్చా రాదా, ఎందుకు చేరాలనుకుంటున్నారు. నొటేషన్ రాకపోతే రాదనే రాయండి. ఇది చెవితో నేర్చుకునే సంగీతం, దానివల్ల మీకు నష్టం లేదు. మిగతావాళ్లంతా డైరెక్టర్‌ని పేరు పెట్టి పిలుస్తారు. మీకు నోరు రాకపోతే ప్రొఫెసర్ అనే పిలవండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను అలాగే పిలుస్తాను.

ఆడిషన్‌కి ఏం వాయించాలి? ఒక నొట్టుస్వరం. బాలుస్వామి దీక్షితర్ తెల్లవాళ్ల బ్యాండులు విని ఫిడేలు మన సంగీతంలోకి తెచ్చినవాడైతే, ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితర్ ఆ పాశ్చాత్య బాణీలకే సంస్కృత సాహిత్యం కట్టారు. అవన్నీ శంకరాభరణంలో, గమకాలు లేకుండా నడుస్తాయి. వినేవాళ్లకి పరిచయమైన పోకడ కాబట్టి మీ శ్రుతీ లయా ఎలా ఉన్నాయో వెంటనే తెలిసిపోతుంది. దాని వెనకే ఒక వర్ణం పల్లవి, అనుపల్లవి వాయించండి, మీ చెయ్యి ఎంత తయారైందో చూస్తారు. రాగాలాపన మొదలుపెట్టకండి. పది నిమిషాల ఆడిషన్‌లో అది ఎటూ తేలదు.

తరవాత డైరెక్టర్ ఒక చిన్న ముక్క వాయించి తిరిగి వాయించమంటారు. మన పిల్లలు ఇక్కడే నెగ్గుకొస్తారు. గురువుగారు పాడితే పాడి, వాయిస్తే వాయించి పెరిగినవాళ్లం కదా.

ఇక వాద్యం సంగతి. ఫిడేలు పెట్టెను విమానంలో క్యాబిన్‌లోనే తెచ్చుకోండి. మన దగ్గర శ్రుతి తగ్గించి కట్టుకుంటాం కాబట్టి ఇక్కడికి రాగానే మామూలు పాశ్చాత్య శ్రుతికి సరిపడే కొత్త తీగల సెట్టు వేయించండి. చలికాలంలో హీటర్ వేసిన గదుల్లో గాలి ఎండిపోయి బిరడాలు వదులైపోతాయి, చెక్క పగిలే ప్రమాదం కూడా ఉంది. పెట్టెలో పెట్టుకునే చిన్న హ్యుమిడిఫయర్ కొని తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి వాయించడం మనకి అలవాటు. కచేరీలో చాప వేయమని అడిగితే వేస్తారు. కానీ జనం నాట్యం చేయడానికి బృందం వాయించే డాన్సు రాత్రుల్లో రెండు మూడు గంటలు నిలబడో కుర్చీలోనో వాయించాలి. అందుకని షోల్డర్ రెస్ట్ పెట్టుకుని భుజం మీద పట్టడం నేర్చుకోండి. మొదట్లో ఎడమ చెయ్యి ఫిడేలుని మోస్తున్నట్టు అనిపిస్తుంది, జారుడు గమకాలు పలకవు. ఈ ట్యూన్లు దాదాపు అన్నీ మెడ మొదట్లోనే, చెయ్యి కదలకుండా అయిపోతాయి కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. పాతకాలం కొండ ఫిడేలువాళ్లు చాలామంది భుజం మీద కాకుండా ఛాతీకి ఆనించి వాయించేవారు. మీకు అలా హాయిగా ఉంటే అలాగే పట్టుకోండి, ఈ సంగీతంలో ఎవరూ తప్పు పట్టరు.

శ్రుతి దగ్గర కాస్త ఆగుతాను. నన్ను ఈ సంగీతానికి కట్టిపడేసింది అదే.

పాశ్చాత్య ఫిడేలు తీగలు మంద్రం నుంచి జి, డి, ఎ, ఇ. జి ని షడ్జమం అనుకుంటే అవి స, ప, రి, ధ అవుతాయి. మన స–ప–స–ప కి అలవాటుపడిన వేళ్లకి పై రెండు తీగలూ కొత్త. ఓపిగ్గా స, రి, గ, మ అంటూ ప్రతి తీగ మీదా నాలుగు వారాలు సాధన చేస్తే దారి దొరుకుతుంది. అయితే ఓల్డ్ టైమ్ (కొండప్రాంతాల పాత జానపద బాణీ) ఫిడేలువాళ్లు ఎ శ్రుతిలో ట్యూన్లు వాయించేటప్పుడు తీగలు మార్చి కట్టుకుంటారు: కింద రెండు తీగలూ ఒక్కో స్వరం పెంచి ఎ, ఇ, ఎ, ఇ చేస్తారు. ఎ ని షడ్జమం అనుకుని చూడండి. స, ప, స, ప. అచ్చంగా మన ఫిడేలు శ్రుతి. పెంచకుండా పై తీగలే తగ్గించి జి, డి, జి, డి కట్టేవాళ్లూ ఉన్నారు. అది మన ఆడవాళ్ల అయిదు శ్రుతిలో కట్టిన ఫిడేలే. మా రిహార్సల్‌లో మొదటిసారి అందరూ ఆ శ్రుతికి మారినప్పుడు నా వేళ్లకి స్థానాలు వెతుక్కునే పని లేకపోయింది. మీకూ అంతే. మొదటి సెమిస్టర్‌లో ఈ శ్రుతి ట్యూన్లు నాలుగైనా జాబితాలో పెట్టమని డైరెక్టర్‌ని అడగండి. తీగ పెంచేటప్పుడు మాత్రం నెమ్మదిగా తిప్పండి, పాత తీగైతే తెగుతుంది.

బాంజోవాళ్లు కూడా ట్యూన్ శ్రుతిని బట్టి తీగలు మార్చి కట్టుకోవాలి. అందుకే ఓల్డ్ టైమ్ జామ్‌లో, అంటే అందరూ చేరి సరదాగా వాయించుకునే గోష్ఠిలో, గంటసేపు ఒకే శ్రుతిలో కూర్చుంటారు. ఎ లో నడుస్తున్నప్పుడు మధ్యలో దూరి "డి లో ఒకటి వాయిద్దామా" అని అడగకూడదు.

కమాను కూడా మారాలి. మనం ఒక్క కమానులో పొడుగ్గా గీస్తూ ఎడమ చేత్తో పలికిస్తాం. ఇక్కడ పని అంతా కుడి చేతిది. ముఖ్యంగా నేర్చుకోవలసింది షఫుల్ అనే కమాను: ఒక పొడుగు, రెండు పొట్టి. నోటితో "తా తక, తా తక" అనుకుంటూ ఖాళీ తీగ మీద గీయండి. కమాను మధ్య భాగంలో ఒక జానెడు మేరే వాడండి. మణికట్టు వదులుగా ఉండాలి, భుజం కదలకూడదు. "త" దగ్గర కమాను తీగని చిన్నగా కొరికినట్టు పట్టుకుని వదలాలి. ఇది కుదిరాక పక్క తీగని కూడా కలిపి గీయండి. ఒక తీగ మీద ట్యూన్ నడుస్తూ పక్క తీగ అలా మోగుతూనే ఉంటుంది. ఈ బృందాల్లో తంబురా ఉండదు, ఫిడేలు తన శ్రుతిని తనే పట్టుకుంటుంది. రోజూ పావుగంట ఈ ఒక్క కమానే సాధన చేయండి. ట్యూన్లు ఎన్ని వచ్చినా కమాను రాకపోతే డాన్సు చేసేవాళ్ల కాలు లేవదు.

గమకాలు ఏం చేయాలి? చాలావరకు దాచుకోవాలి. కంపితం పెడితే ట్యూన్ రూపు మారిపోతుంది, పక్క ఫిడేలుతో కలవదు. జారు మాత్రం కొంచెం వాడుకోవచ్చు, వాళ్లూ వాడతారు. ఇంకో మాట. పాత రికార్డింగుల్లో గాంధారం కొన్నిసార్లు సాధారణానికీ అంతరానికీ మధ్యలో పలుకుతుంది. పియానో విని పెరిగిన పిల్లలకి అది అపశ్రుతిలా వినిపిస్తుంది. మీ చెవికి అలా అనిపించదు. అది విన్నదాన్ని విన్నట్టుగా దించండి, సరిచేయకండి. బృందానికి మీరు చేసే మేలు అది.

రాగాల పేర్లతో గుర్తుపెట్టుకుంటే ట్యూన్లు తొందరగా వస్తాయి. అయిదు స్వరాల ట్యూన్లు ఎక్కువ మోహనంలో పడతాయి. డోరియన్ అని వాళ్లనేది ఖరహరప్రియ, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి. "ఓల్డ్ జో క్లార్క్" అనే పాత ట్యూన్ ప్రతి జామ్‌లోనూ వస్తుంది, దాని మొదటి ముక్క ప ధ ని ధ ప మ గ అని నడుస్తుంది, కైశికి నిషాదంతో. నా నోటు పుస్తకంలో ట్యూన్లన్నీ స్వరాల్లోనే ఉన్నాయి. పక్కన కూర్చునే అమ్మాయి ఏబీసీల్లో రాసుకుంటుంది, ఇద్దరం ఒకే ట్యూన్ వాయిస్తాం.

ట్యూన్ నిర్మాణం తేలిక. ఎనిమిది బార్ల (తాళం గడుల) ముక్క రెండు సార్లు, ఇంకో ఎనిమిది బార్ల ముక్క రెండు సార్లు, మొత్తం 32 బార్లు. అది అలా తిరుగుతూనే ఉంటుంది. చెవితో పట్టేటప్పుడు మొదట షడ్జమం వెతకండి. తరవాత ప్రతి ముక్క చివర ఎక్కడ దిగుతోందో పట్టండి. మధ్యలో స్వరాలు మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో వాటంతటవే వస్తాయి. ఇంటి దగ్గర సాధనకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో హెన్రీ రీడ్ రికార్డింగులు వినండి. వర్జీనియాలోని గ్లెన్ లిన్ అనే చిన్న ఊరి పెద్దాయన వాయించిన ట్యూన్లు అవి, అలన్ జబ్బూర్ అనే జానపద పరిశోధకుడు 1966, 67ల్లో రికార్డు చేశాడు. ఉచితంగా వినొచ్చు. వేగం తగ్గించే యాప్‌లో 70 శాతానికి దించి, ముందు నోటితో పాడి, తరవాతే ఫిడేలు ఎత్తండి.

జామ్‌లో ఎలా మసలుకోవాలి అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. గుండ్రంగా కూర్చుంటారు. ట్యూన్ ఎవరు మొదలుపెడితే వేగం వాళ్లది, ఆపడం కూడా వాళ్ల ఇష్టం. ఆపబోయే ముందు వాళ్లు ఒక కాలు పైకెత్తుతారు, అంటే ఇదే ఆఖరి చుట్టు. కళ్లు మూసుకుని వాయించే అలవాటుంటే ఆ కాలు కనపడదు. ట్యూన్ రాకపోతే చిన్నగా, షడ్జమ పంచమాలు మాత్రం పట్టుకుని కూర్చోండి, లేదా ఊరికే వినండి. ఓల్డ్ టైమ్‌లో మన భజన గోష్ఠిలాగా అందరూ ఒకే పాటని కలిసి నడుపుతారు, ఒక్కరు పైకి రారు. బ్లూగ్రాస్‌లో వరసగా ఒక్కొక్కరికీ వంతు వస్తుంది, అక్కడ మీ మనోధర్మం చూపించొచ్చు, అదీ ఒకే ఒక్క చుట్టు. ఏ బృందం ఏ పద్ధతిదో తెలుసుకుని కూర్చోవాలి.

కాంట్రా డాన్సుకి, అంటే జంటలు ఎదురెదురు వరసల్లో నిలబడి వేసే నాట్యానికి, వాయించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 32 బార్లకి సరిగ్గా ఒక వరస అడుగులు కడతారు, అయిపోగానే జంటలు మారతాయి. ఉత్సాహంలో మీరు ఒక ఆవర్తనం పొడిగిస్తే హాలంతా తప్పు చేతులు పట్టుకుంటుంది. వేగం నిమిషానికి 110 నుంచి 120 దెబ్బల మధ్య, అడుగులు చెప్పే కాలర్ ఎంత కావాలంటే అంత.

బాల్కన్ పాటలకొచ్చేసరికి మన పిల్లలు బృందానికి ఆస్తి. అమెరికన్ విద్యార్థులు ఏడు దెబ్బల లయ చూసి బెదురుతారు. మాసిడోనియాలో "లెస్నొతో" అనే నాట్యం 3, 2, 2: తకిట తక ధిమి. మనకి మిశ్ర చాపు. బల్గేరియా రాచెనిత్స తిరగేసి 2, 2, 3: తక ధిమి తకిట. ఇది విలోమ చాపు. పైదుష్కో 2, 3, అంటే ఖండ చాపు. కొపనిత్స పదకొండు: తక తక తకిట తక తక. వీటిని జతులతో చెప్పి, చేత్తో తాళం వేసి చూపించండి. మా బృందంలో బేస్ వాయించే కుర్రాడు కొపనిత్స ఎక్కడ తప్పుతున్నాడో అతనికే తెలిసేది కాదు. రిహార్సల్ ముందు హాలు బయట వరండాలో నడుస్తూ తక తక తకిట తక తక అని చెప్పించాను, తకిట దగ్గర మాత్రం అడుగు కాస్త ఆలస్యంగా పడేలా. లోపలికి వెళ్లి వాయిస్తే నిలబడింది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. రాచెనిత్స అసలు వేగంలో అక్షరాలు లెక్కపెట్టడం కుదరదు. పొట్టి, పొట్టి, పొడుగు అనే మూడు అడుగులుగా ఒంట్లోకి రావాలి. వీలైతే ఆ నాట్యం నేర్పే క్లాసుకి ఒక్కసారైనా వెళ్లి కాళ్లతో వేసి రండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. స్టేజీ మీద ప్రతి ట్యూన్ ముందూ ఎవరో ఒకరు రెండు మాటలు చెబుతారు. ఆ మాటలు ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పేవిగా ఉండాలి. మనకి గురుపరంపర చెప్పుకోవడం అలవాటే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బాణీ అని చెప్పకుండా విజయనగరంలో ఫిడేలు మాటే ఎత్తరు. ఇక్కడి ట్యూన్ల వెనక కూడా పేర్లున్నాయి. బాంజో అంటే తెల్లవాళ్ల కొండ వాద్యమని చాలామంది అనుకుంటారు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు తమతో మోసుకొచ్చిన వాద్యాల జ్ఞాపకంతో ఇక్కడ కట్టుకున్నది అది. నల్లజాతి ఫిడేలు వాద్యకారుల పరంపర కూడా పెద్దదే. నార్త్ కరోలైనాకి చెందిన జో థాంప్సన్ ఆ పరంపరలో పేరున్నవాడు, 1918లో పుట్టి 2012 దాకా బతికాడు. 2005లో బూన్ పట్టణంలో అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీలో బ్లాక్ బాంజో గ్యాదరింగ్ జరిగింది. అక్కడ కలుసుకున్న కుర్రవాళ్లు ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని నేర్చుకున్నారు. కరోలైనా చాకొలెట్ డ్రాప్స్ బృందం అలా పుట్టింది, తరవాత గ్రామీ కూడా అందుకుంది. ఇలాంటి ట్యూన్ వాయిస్తూ "ఒక పాత అపలాచియన్ (ఈ కొండల) ట్యూన్" అని సరిపెట్టేస్తే ఆ మనిషి పేరు చెరిపేసినట్టే. మీ వంతుకి వచ్చిన ట్యూన్ వెనక ఎవరున్నారో వారం ముందే వెతికి, పేరు, ఊరు రాసుకుని, ఉచ్చారణ అడిగి తెలుసుకుని చెప్పండి. కొన్ని పాత పాటల సాహిత్యంలో నల్లవాళ్లని కించపరిచే మాటలుంటాయి. అలాంటివి వచ్చినప్పుడు బృందంలో మాట్లాడుకుని, ట్యూన్ మాత్రం వాయించడమో అసలు వదిలేయడమో తేల్చుకోవాలి. కొత్తవాళ్లమని ఊరుకోవద్దు, అడగండి.

ఒకటి రెండు సెమిస్టర్లయ్యాక మిమ్మల్ని "ఇండియా నుంచి ఒకటి" అని అడుగుతారు. అడగ్గానే కృతి ఎత్తుకోకండి. ఇది జానపద బృందం, మన దగ్గర జానపదానికి లోటేముంది? నేను మా అమ్మమ్మ ఊళ్లో కోలాటానికి పాడే పాట ఇచ్చాను. కోలాటం పాట ఎందుకంటే, ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకుంటారు, చరణాలు చిన్నవి, జంటలు గుండ్రంగా తిరుగుతూ మారతాయి. కాంట్రా డాన్సు తెలిసినవాళ్లకి ఆ నడక వెంటనే అర్థమైంది.

నేర్పేటప్పుడు ఇవి చూసుకోండి. పల్లవి మాటలు వాళ్ల లిపిలో రాసిచ్చే ముందు వాళ్లనే వినమనండి, వాళ్లకి వినపడినట్టు వాళ్లే రాసుకుంటారు, మనం రాసిచ్చిన దానికన్నా అది బాగా పలుకుతుంది. ళ, డ తేడా రాకపోతే పట్టుబట్టండి, త, ద లు పళ్లకి తగిలేలా చెప్పించండి. గిటార్ వాయించేవాళ్లకి కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) మార్చవద్దని ముందే చెప్పాలి. వాళ్ల చెయ్యి ఊరుకోదు, ప్రతి రెండు బార్లకీ ఒక కార్డు వెతుకుతుంది, పాట ఎటో వెళ్లిపోతుంది. గిటార్ తీగలు డి, ఎ, డి, జి, ఎ, డి గా మార్చి కట్టమనండి, చాలామందికి ఈ శ్రుతి తెలుసు. డి షడ్జమమైతే అవి స ప స మ ప స. దాన్ని ఊరికే మీటుతూ ఉంటే చాలు, తంబురా పని జరుగుతుంది. మధ్యమం గుచ్చుకునేలా వినిపించే పాటైతే ఆ తీగ వదిలేయమనండి. బేస్ షడ్జమ పంచమాలు దాటకూడదు. బాంజోకి మాత్రం స్వేచ్ఛ ఇవ్వండి, కోలల చప్పుడుకి అది భలే జత కుదురుతుంది. మీ ఫిడేలు పాడే గొంతు వెంటే నడవాలి. కోలలు ఇక్కడ దొరకకపోతే డ్రమ్ముల దుకాణంలో లావుపాటి కర్రలు కొని చివర్లకి రంగు గుడ్డ చుట్టండి.

కచేరీ వరసలో దాన్ని విరామానికి ముందు పెట్టించండి. జనాన్ని లేపి నాలుగు అడుగులు వేయించడానికి స్టేజీ కింద జాగా కావాలి, కుర్చీల మొదటి వరస తీయించాలి. ఆ మాట హాలు చూసుకునేవాళ్లకి వారం ముందే చెప్పాలి.